తెలుగు పేపర్లో కొరియా పాటలు

నా రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుందనగా, ఏప్రిల్ నెల మొదట్లో, పదో తరగతి తెలుగు జవాబు పత్రాలు దిద్దడానికి కరీంనగర్ క్యాంపులో అసిస్టెంట్ ఎగ్జామినర్‌గా నాకు డ్యూటీ పడింది. అప్పటికి నేను ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు స్కూల్ అసిస్టెంటును. ఈ దిద్దే పనిని మా ఉపాధ్యాయులం 'స్పాట్' అంటాం.

బయటివాళ్లకు ఆ గదుల్లో ఏం జరుగుతుందో తెలియదు కాబట్టి ముందు అది చెప్పాలి. పేపర్లు వేరే జిల్లా నుంచి వస్తాయి. విద్యార్థి పేరు, బడి, హాల్‌టికెట్ నంబరు ఉన్న భాగాన్ని ముందే తీసేసి ఒక కోడ్ నంబరు వేస్తారు. ఒక్కో టేబుల్‌కు కొందరు అసిస్టెంట్ ఎగ్జామినర్లు, వాళ్లపైన ఒక చీఫ్ ఎగ్జామినర్. మేము ఎర్ర సిరాతో దిద్దిన వాటిలో కొన్నింటిని ఆయన ఆకుపచ్చ సిరాతో మళ్లీ చూస్తారు. అంచు మార్కులతో పాసైన పేపరునైతే తప్పకుండా చూడాలి. అందరి ముందూ ఒక 'కీ' ఉంటుంది, అంటే ఏ ప్రశ్నకు ఏం రాస్తే ఎన్ని మార్కులో చెప్పే కాగితం. సెల్‌ఫోన్లు గేటు దగ్గర అప్పజెప్పి లోపలికి పోవాలి. పైన ఫ్యాన్లు తిరుగుతున్నట్టు చప్పుడు మాత్రం వస్తుంది, గాలి రాదు.

మా టేబుల్ చీఫ్ లక్ష్మీరాజం సార్. నాకంటే సీనియర్. ఛందస్సులో దిట్ట. ఆయన పద్యం ఎత్తుకుంటే పక్క గదివాళ్లు కూడా పెన్ను ఆపి వినేవారు. నా పక్క కుర్చీలో షమీమ్. పుట్టిల్లు కాగజ్‌నగర్, ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, బళ్లో చెప్పేది తెలుగు. నన్ను అక్కా అని పిలిచేది.

ఆ ఏడాది పేపర్లో ఒక ప్రశ్న ఇలా ఉంది: మీరు చూసిన లేదా విన్న ఒక కళారూపాన్ని పరిచయం చేస్తూ వ్యాసం రాయండి. కీలో బుర్రకథ, ఒగ్గుకథ, యక్షగానం, హరికథ అని ఇచ్చి, చివర 'లేదా తగిన ఇతర సమాధానం' అన్నారు. ఏ బండిల్ విప్పినా బుర్రకథే. అదే మొదటి వాక్యం, అదే ముగింపు. తంబుర పట్టుకున్న కథకుడు మధ్యలో, వంతలు అటొకరు ఇటొకరు. పిల్లలందరికీ ఒకే గైడు దొరికిందని చూడగానే తెలుస్తుంది. కీలో ఉంది కాబట్టి మార్కులు వేస్తూ పోయాం.

ఒకరోజు పొద్దున నా చేతికొచ్చిన పేపరు బలహీనమైన పేపరు. పద్యం సగంలో ఆగిపోయింది, వ్యాకరణం దగ్గర ఖాళీలు. వ్యాసం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అదే చెయ్యి పరుగందుకుంది. నా మొదటి పోస్టింగు జైనూర్ వైపు. ఇంట్లో గోండి మాట్లాడే పిల్లలకు తెలుగులో వ్యాసం రాయించడం అక్కడే నేర్చుకున్నాను. తమకు తెలిసిన సంగతి రాస్తే తప్పులున్నా వాక్యం నడుస్తుంది. తెలియనిది రాస్తే ఒక్క తప్పు లేకపోయినా నడవదు. ఈ వ్యాసం నడిచింది.

విషయం ఏమిటంటే, కొరియా దేశపు పాటల బృందం ఒకటి. పేరు రాసి ఉంది, నేను ఇక్కడ చెప్పను. వాళ్లు ఒక ఆల్బమ్ విడుదల చేసి, కొన్ని నెలలకు అదే ఆల్బమ్‌ను కొత్త అట్టతో, మూడు కొత్త పాటలు కలిపి మళ్లీ తెచ్చారట. అభిమానులతో రెండోసారి కొనిపించే ఉపాయమని స్నేహితులు అన్నారట. అది సగం నిజమే అని ఒప్పుకుని ఆ బిడ్డ ముందుకు పోయింది. పాత ఆల్బమ్ చివరి పాట ఎవరో వదిలి వెళ్లిపోతుంటే ఆగిపోతుంది. మొదటి కొత్త పాటలో అదే రాగం నెమ్మదిగా తిరిగి వస్తుంది, ఈసారి వెళ్లిపోయిన మనిషి వైపు నుంచి. మాటల అర్థం ఫోన్లో వెతికి చూసుకుందట. అందుకే ఇప్పుడు పాత పాట విన్నా మునుపటిలా ఏడుపు రాదు. రెండో కొత్త పాట బాగలేదు, తొందరపడి చేసినట్టుంది, ఎంత ఇష్టమున్నా ఆ మాట చెప్పాలి. మూడో దాంట్లో చాలాసేపు మాటలుండవు, తర్వాత అందరూ ఒక్కసారి పాడుతారు. ఆ తర్వాతి వాక్యాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. "మా అవ్వ బీడీలు చేసుకుంట నా ఫోన్ల వింటది. ఆ భాష ఆమెకు రాదు, నాకు రాదు. అందరు కలిసి పాడేకాడ అవ్వ చెయ్యి ఆగుతది. బీడీలతోని సాట నిండాలె గనుక మళ్ల చేస్తది."

నేను పెన్ను కింద పెట్టాను. తనకు ఇష్టమైనదాన్ని పరిచయం చేస్తూ దాంట్లోనే తప్పు పట్టిన పదో తరగతి బిడ్డ నా సర్వీసులో అంతవరకు తగల్లేదు. సంతోషంతో ఇంకోసారి చదివాను. ముగింపు లేదు కాబట్టి ఒక మార్కు తగ్గించి మిగతా అన్నీ వేశాను. ఆ మార్కులతో పేపరు సరిగ్గా పాస్ గీత మీద నిలబడింది. అవి తీసేస్తే తెలుగులో ఫెయిలు.

అంచు మీది పేపరు కాబట్టి అది లక్ష్మీరాజం సార్ దగ్గరికి పోయింది. ఆయన రెండుసార్లు తిరగేసి, "మేడం, గిదేంది? తెలుగు పరీక్షల కొరియా ముచ్చటేంది?" అన్నారు.

నేను ప్రశ్నను పైకి చదివాను. కళారూపం అని ఉంది, ఏ దేశానిదో లేదు. తగిన ఇతర సమాధానానికి కీ కూడా ఒప్పుకుంది. ఆయన తగినది కాదన్నారు. "గండ్ల రాసింది నిజమని ఎట్ల తెలుసు? అల్లి రాసిండ్రేమో."

నాకు కోపం వచ్చింది, దాచుకోలేదు. "బుర్రకథ రాసినోళ్లు బుర్రకథ చూసిండ్రా సార్? వాళ్లను మనం అడిగినమా?" అన్నాను. అంతటితో ఆగకుండా, ఈ మధ్య ఎవరైనా ఒక బుర్రకథ మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూశారా అని టేబుల్ చుట్టూ అడిగాను. అందరికీ ఒక్కసారిగా తమ పేపర్ల మీద ఎక్కడ లేని శ్రద్ధ పుట్టుకొచ్చింది.

సార్ గొంతు తగ్గించి, మార్కు కొట్టేసి సున్నా వేసి పక్కన చిన్న సంతకం పెట్టమన్నారు. ఇందులో ఒక సంగతి ఉంది. తన మార్కును అసిస్టెంట్ ఎగ్జామినరే దిద్దుకుంటే ఎవరూ ఏమీ అడగరు. చీఫ్ మార్చితే మాత్రం, మా క్యాంపు పద్ధతి ప్రకారం, పక్కన కారణం రాసి ఆయనే సంతకం చేయాలి. ఆయనకు మొదటిది కావాలి. "రేపు న్యూస్‌పేపరోళ్లు కొరియా పాటలకు తెలుగుల మార్కులని రాస్తే జవాబు చెప్పేది నేను" అన్నారు. ఆ భయం ఉత్తది కాదు, నాకు తెలుసు. కానీ ఆయన భయపడితే ఫెయిలు కావాల్సింది ఆ బిడ్డా?

"నేను కొట్టెయ్య. మీకు అధికారమున్నది, మీరే కొట్టేయుండ్రి. కారణం రాసి సంతకం పెట్టుండ్రి" అని పేపరును ఆయన వైపు జరిపాను.

షమీమ్ నా మోచెయ్యి గిల్లింది. "అక్కా, ఎందుకు పరేషాన్? సారుతోని పెట్టుకుంటే మళ్ల డ్యూటీకి పిలువరు." పిలవకుంటే ఇంట్లో కూలర్ ముందు పడుకుంటానని చెప్పాను.

చివరికి సార్, అసలు ఆ పాటలున్నాయో లేవో ముందు చూద్దామన్నారు. పేపరును లోపలే ఉంచి, మధ్యాహ్నం విరామంలో గేటు దగ్గర ఫోన్లు తీసుకుని ముగ్గురం బయట గోడ నీడన టిఫిన్ డబ్బాలతో కూర్చున్నాం. షమీమ్‌కు వెతకాల్సిన పనే పడలేదు. "మా బిడ్డ దినాం గిదే పెడ్తది, నా చెవులు పోయినయి" అంటూ పెట్టింది.

మొదటి పాటకు సార్ బెండకాయ కూర కలుపుకుంటూనే ఉన్నారు. రెండోది సగమయ్యేసరికి ముఖం చిట్లించారు. "నాకైతే నచ్చలే. అండ్ల గీ రెండోదైతే మరీ ఆగం. ఎవలో ఎంబడి వడ్డట్టు ఉరికిచ్చిండ్రు."

షమీమ్ పొలమారేంత నవ్వింది. "సార్, ఆ బిడ్డ గూడ గదే రాసింది."

ఆయన ముద్ద నోటిదాకా పోయి ఆగింది. మూడో పాట చివరిదాకా వచ్చింది, అందరూ కలిసి పాడే చోటు కూడా వచ్చింది. సార్‌కు అదీ నచ్చలేదు, ఆ మాట నిర్మొహమాటంగా చెప్పారు. మీకు నచ్చాలని ప్రశ్నలో లేదన్నాను. "రాసిన సంగతి పాటల ఉన్నది, మీ చెవులకే వినపడ్డది. పరిచయం చేసుడంటే గింతే గద సార్."

లోపలికి వచ్చాక ఆయన ఆకుపచ్చ పెన్ను మూత తీసి, ఆ పేజీ ముందు కూర్చున్నారు. వ్యాసం మళ్లీ ఒకసారి చదివి, "కొట్టేస్తే కారణం ఏం రాయాలె మేడం?" అన్నారు.

"నాకు కారణం కనపడ్తే పొద్దుగాల నేనే కొట్టేద్దును సార్" అన్నాను.

నా మార్కు పక్కన టిక్కు పెట్టి, సంతకం చేసి, పేపరును బండిల్లోకి తోశారు. "ఏమన్నయితే మీ పేరే చెప్త."

"ఇంటిపేరుతోని సహా చెప్పుండ్రి" అన్నాను.

ఏమీ కాలేదు. ఏ పత్రికా రాయలేదు, ఏ అధికారీ పిలవలేదు. మరుసటి ఏడాది నాకు స్పాట్ డ్యూటీ కూడా రాలేదు. ఎందుకని నేను అడగలేదు, అడిగి బతిమాలే అవసరం నాకు లేదు. షమీమ్ మాత్రం ఫోన్ చేసి, చెప్పిన కదా అక్కా అని ఒకసారి గుర్తు చేసింది. లక్ష్మీరాజం సార్‌తో మాటలు ఆగిపోలేదు. కలిసినప్పుడు ఆయన పద్యాలే మాట్లాడతారు, నేను వింటాను.

ఆ బిడ్డ ఎవరో నాకు తెలియదు. తెలియకూడదనే కోడ్ నంబర్లు వేస్తారు. నేను బుర్రకథకు శత్రువును కాను. కానీ చూడకుండా రాసిన బుర్రకథకు మార్కులు వేసిన చేతితో, విని రాసిన పాటకు సున్నా వేయమంటే ఈ రోజైనా వేయను. ఆ క్యాంపులో నేను నేర్చుకున్నది ఇంతే: ప్రశ్న మనం తయారు చేస్తాం, కీ మనం తయారు చేస్తాం, జవాబు మాత్రం రాసే బిడ్డది. అది మనకు తెలియని చోటి నుంచి వస్తే, అక్కడిదాకా పోయి చూసి రావాల్సింది దిద్దేవాళ్లే.