పలాసలో ఒకే ఎత్తు కుర్చీలు

విశాఖపట్నం నుంచి పలాస వెళ్ళే పాసింజరు కాకులు కూడా ఇంకా లేవని వేళలో బయల్దేరుతుంది. నేను ఆ రైలెక్కడానికి కారణం ఒక ప్రభుత్వ కార్యాలయం. కులం, మతం, ఊరు, జబ్బు, ఆడా మగా, ఇలాంటివి చూసి ఎవరికైనా పనో అప్పో సరుకో ఇవ్వం పొమ్మంటే ఫిర్యాదు తీసుకుని, ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించి, అప్పటికీ వినకపోతే నోటీసిచ్చే సమాన అవకాశాల కార్యాలయం అది. అలాంటిదొకటి ఉందని జనానికి తెలియడం లేదట. నవ్వుకుంటూ చదివే చిన్న పుస్తకం ఒకటి రాసిపెట్టమని అక్కడి అధికారిణి శారద గారు నన్నడిగారు.

"ముందు ఒక విచారణ చూడండి. చూడకుండా రాస్తే మీరు పెంచి రాస్తారు," అన్నారు.

చూసి కూడా పెంచే రాస్తానని పాపం ఆవిడకు తెలియదు.

టిక్కెట్టు కంటే ప్లాట్‌ఫారం మీద తాగిన రెండు కాఫీలకే ఎక్కువైంది. కిటికీ పక్కనే సీటు దొరికింది. దొరికిందంటే, రెండు బస్తాలు, ఒక కోళ్ళ గంప, ఏదో పెళ్ళికి పోయే సగం ఊరు ఆక్రమించుకోగా మిగిలిన జానెడు చోటు దొరికింది. విజయనగరం దాకా ఒక కాలి మీద నా బరువు, రెండో కాలి మీద కోళ్ళ బరువు మోశాను. ఈ దారిన వెళ్ళేవారు ఇంట్లోనే ఏదైనా తిని బయల్దేరడం మంచిది. చేతిలో పొట్లం విప్పడానికి మోచెయ్యి కదలాలి కదా!

శ్రీకాకుళం రోడ్డు స్టేషను దాటాక ఎదురుగా ఇద్దరు పెద్దమనుషులు మాటల్లో పడ్డారు.

"నీదెంతొచ్చినాది బావా?"

"రెండు పాయింటు ఒకటి. ఆర్నెల్ల కిందట ఒకటిన్నరే."

"నాది ఒకటి దాటనేదు. దేవుడి దయ."

వడ్డీ రేట్ల గురించి అనుకుని, "ఏ బ్యాంకండీ?" అని తల దూర్చాను. ఇద్దరూ నన్ను చూసి జాలిగా నవ్వారు.

"బేంకు కాదు బాబూ, క్రియాటిన్. కిడ్నీలది. మాది ఉద్దానం," అన్నాడు రెండు పాయింటు ఒకటి ఆయన.

ఉద్దానమంటే సముద్రం ఒడ్డున కొబ్బరి, జీడి, పనస తోటలు నిండిన ఊళ్ళు. ఆ పచ్చదనం కింద ఎన్నో ఇళ్ళల్లో కిడ్నీ జబ్బు. ఎందుకొస్తోందో చెప్పడానికి ఎందరో వచ్చి నీళ్ళూ మట్టీ పట్టుకెళ్ళారు. మనం "భోంచేశారా?" అని అడిగినంత మామూలుగా వీళ్ళు రక్తపరీక్షలో వచ్చిన ఆ అంకె అడిగేసుకుంటారు.

శారద గారు టెక్కలిలో కలుస్తానన్నారు కాబట్టి, తొమ్మిదిన్నర దాటాక నౌపడలోనే దిగి షేర్ ఆటో ఎక్కాను. నలుగురి ఆటోలో పదకొండో మనిషిని నేను. డ్రైవరు తన సీటులో ముప్పావు వంతు ప్రయాణికులకు దానం చేసి, మిగిలిన పావుతో బండి తోలాడు. రావివలస మల్లికార్జునుడికి గుడి కప్పు లేదు, ఎండలోనే ఉంటాడని పక్కాయన చెప్పాడు. ఆటోకి కప్పున్నా మాకు ఎండ తప్పలేదు, మేం సగం బయటే ఉన్నాం.

టెక్కలి బస్టాండు దగ్గర ఇడ్లీ తిన్నాను. మెత్తదనం సంగతి చెప్పను, చట్నీ మాత్రం నా పూర్వజన్మ పాపాలన్నింటినీ ముక్కు దారిన బయటికి పంపింది. శారద గారు జీపులో ఎదురుచూస్తున్నారు. ఉద్దానం వైపు పోతూ దారిలోనే కేసు చెప్పారు.

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ. పప్పును గుండు, బద్ద, ముక్క అని వేరుచేసే గ్రేడింగు విభాగంలో ఆడవాళ్ళు కావాలన్నారు. రూతమ్మ అనే ఆవిడ వెళ్ళింది. ఊరు పేరు చెప్పగానే కిడ్నీ రిపోర్టు తెమ్మన్నారు. వేరే ఊళ్ళవాళ్ళనెవరినీ అడగలేదు. ఆవిడ తేనంది, వాళ్ళు పని లేదన్నారు.

"తెచ్చేస్తే పోయేది కదా?" అన్నాను.

"ఆ మాట ఆవిడ్నే అడగండి," అన్నారు శారద గారు. ఆ అనడంలో ఏదో ఉంది.

పూండి దాటి, కొబ్బరి తోటల మధ్య గుంతల్లో జీపు ఈత కొట్టుకుంటూ పదకొండున్నరకు ఊరు చేరింది. రూతమ్మకు నలభై దాటి ఉంటాయి. బాప్టిస్టు సంఘంలో పాట ఎత్తుకునేది ఆవిడేనట. ఆ గొంతు విని సముద్రం ఒక అల ఆపుకుని ఇటు తిరిగి చూస్తుందంటే నేను నమ్ముతాను. ఆవిడ భర్త దేవదానం అరుగు మీద గోడకానుకుని కూర్చున్నాడు. వారానికి రెండుసార్లు పలాస ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేయించుకోవాలి.

"అందుకే నాకీ పని కావాల బాబూ," అంది రూతమ్మ, మాకు కొబ్బరి బొండాలు కొడుతూ. "పనీ పలాసలోనే, ఈ మనిషిని పడుకోబెట్టేదీ పలాసలోనే. తోట పనైతే ఈయన్ని తీసుకెల్లిన రోజు కూలి పోద్ది."

"మరి రిపోర్టు ఇచ్చేయొచ్చు కదమ్మా?"

కత్తి ఆగింది. "నాకు జబ్బు నేదు బాబూ. ఈయన్ని తీసుకెల్లినప్పుడల్లా నానూ సూపించుకుంతాను. నానిచ్చీసినాననుకో, పని ఇత్తారు. నా యెనకాల ఒచ్చినదానికి జబ్బుంటే? దానికి కూలొద్దా? కూకుని పప్పు ఏరడానికి ఏటి కావాల? కళ్ళూ సేతులే కదా?"

"ఇది నా మాటే ఇనదు. ఫేట్రీవోడి మాట ఇంటాదేటి?" అన్నాడు దేవదానం. ఆ నవ్వులో ఫిర్యాదు కంటే గర్వమే ఎక్కువ కనిపించింది.

నేను బొండాం ఎత్తి కొబ్బరి నీళ్ళు తాగాను. ఆ బొండాంలో నా లెక్క ప్రకారం ఓ చిన్న చెరువుకి సరిపడా నీళ్ళున్నాయి.

పలాస చేరేసరికి ఒంటిగంట. హోటల్లో జీడిపప్పు పడని కూర లేదు. మజ్జిగలో కూడా చెంచా పెట్టి వెతికి చూసుకున్నాను. మూడింటికి ఒక ప్రభుత్వ భవనం గదిలో విచారణ. అక్కడ చక్రాల మీద తిరిగే ఆఫీసరు కుర్చీ ఒకటి ఉంది, మెత్త ఎంత ఉబ్బి ఉందంటే అది కుర్చీయో పరుపో తేల్చడానికి ఇంకో విచారణ కావాలి. మిగతావన్నీ ప్లాస్టిక్‌వి. శారద గారు మొదట చేసిన పని ఆ పెద్ద కుర్చీని వరండాలోకి తోయించడం.

"మా దగ్గర ఇదొక పద్ధతి," అన్నారు నాతో. "అందరూ ఒకే ఎత్తులో కూర్చుంటేనే మాట మొదలవుతుంది. తానూ అదే ఎత్తులో ఉన్నానని ఒంటికి తెలియాలి."

ఫ్యాక్టరీ యజమాని లోకనాథం గారు వచ్చారు. ఆయన బొజ్జ ఒక నిమిషం ముందే లోపలికి వచ్చి, గది చూసుకుని, తర్వాత ఆయన్ని పిలిచింది. ప్లాస్టిక్ కుర్చీ ఆయన కింద కిర్రుమంది. ఎదురుగా రూతమ్మ. ఆవిడ కుర్చీ ఏమీ అనలేదు.

"నాకు మనుషుల మీద కోపమేటి మేడంగారూ?" అన్నారు లోకనాథం గారు. నిజంగానే బాధగా ఉంది ఆ గొంతు. "పని నేర్పుతాం. ఆర్నెల్లకి మంచం పడతారు. సీజన్లో సగం మంది రాకపోతే ఫేక్టరీ ఎవులు నడుపుతారు? నా కష్టం కూడా సూడాలి కదా."

"చూస్తాను," అన్నారు శారద గారు. "మీరు ఎవర్ని అడిగారు రిపోర్టు?"

"ఉద్దానం ఊళ్ళోళ్ళని."

"మీ పక్కనున్న కాశీబుగ్గ వాళ్ళు జ్వరంతో సెలవు పెట్టరా? ఈ పనికి ఆ రిపోర్టు ఎందుకు అవసరమో చూపించండి. చూపించినా అందరికీ ఒకే షరతు ఉండాలి. ఊరు చూసి ఒకళ్ళని అడిగి ఇంకొకళ్ళని వదలడం కుదరదు."

లోకనాథం గారి మొహం వెలిగింది. దారి దొరికిందనుకున్నారు. "అంతేనా? అయితే అందరినీ అడుగుతాను! ఫేక్టరీలో అడుగెట్టిన ప్రతి మనిషీ తేవాల!"

కేసు పోయిందనుకున్నాను. శారద గారు ఏదో అనబోతుండగా రూతమ్మ అంది:

"ప్రతి మనిషీ అంటే నువ్వు కూడానా మావా?"

"నాకేటి? నాది పలాస."

"పలాస ఎప్పుట్నుంచి మావా? మీ అమ్మ తోటా మా తోటా ఒకే గట్టు కదా. నీకు బొడ్డు కోసినది మా మామ్మే. నిన్ను ఎత్తుకుని తిరిగినారట మా ఊరోళ్ళు. ఇప్పుడైతే ఎత్తలేరు గానీ."

గదిలో గుమాస్తా ఒకాయన దగ్గుతో నవ్వు కప్పుకున్నాడు. రూతమ్మ మాత్రం నవ్వలేదు. ముందుకు వంగి, గొంతు తగ్గించి, "నువ్వెప్పుడైనా సూపించుకున్నావా మావా?" అనడిగింది.

ఆయన జేబురుమాలు తీసి మొహం తుడుచుకుని, మళ్ళీ మడతపెట్టి, మళ్ళీ తీశారు.

"నేదు," అన్నారు చివరికి. "మా అన్నయ్య పోనాడు దీంతోనే. ఆ తరవాత నాను ఆసుపత్రి గుమ్మమెక్కనేదు."

వెక్కిరింతలు రాసుకుంటున్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

శారద గారు ఆయన్ని కాస్త ఊపిరి తీసుకోనిచ్చారు. తర్వాత సెలవుల సంగతి విడిగా మాట్లాడారు. డయాలిసిస్ ఉన్నవాళ్ళకూ, వాళ్ళ ఇంటివాళ్ళకూ ఆ రోజులు ముందే చెప్పుకునే ఏర్పాటు, బదులుగా మరో షిఫ్టు. అది ఆయనకు బాగానే తోచింది. షరతు తీసేస్తున్నానని రాసి సంతకం పెట్టారు.

"రేపు ఒచ్చీ. గ్రేడింగులో కూకో," అన్నారు రూతమ్మతో, కళ్ళు ఎత్తకుండానే.

"ఒత్తాను. నువ్వు సూపించుకో మావా. సూడకపోతే ఉన్నది పోదు," అంది రూతమ్మ. భర్తతో రోజూ మాట్లాడే గొంతే అది.

సాయంత్రం రైలు అరగంట ఆలస్యం. ఆ అరగంటలో పలాస స్టేషనులో నాకు జీడిపప్పు అమ్మజూపినవాళ్ళతో ఒక పంచాయతీకి ఎన్నికలు పెట్టొచ్చు. కొనేవాళ్ళు ఊళ్ళో దుకాణంలోనే కొనుక్కోండి, రుచి చూడనిస్తారు. రైలు కదలబోతుండగా చేతిసంచితో ఒకాయన పరుగెత్తుకొచ్చి నా ఎదుట కూలబడ్డారు. లోకనాథం గారు.

"విశాఖ. చిన్న పని," అన్నారు నేను అడక్కుండానే.

నౌపడ దాటేదాకా కిటికీ లోంచి చీకట్లోకి చూశారు. తర్వాత నావైపు వంగి, "సూది బాగా నొప్పెడతాదా బాబూ?" అన్నారు.

"చీమ కుట్టినట్టు ఉంటుందండీ," అన్నాను. నా జీవితంలో దేన్నైనా తగ్గించి చెప్పింది అప్పుడే. "పలాసలోనే అంత పెద్ద ఆసుపత్రి ఉందిగా?"

"అక్కడ లైన్లో నిలబడితే రేప్పొద్దున్నకి ఊరంతా తెలిసిపోద్ది. జీడిపిక్కలు అమ్మినోడు అరువియ్యడు, బేంకోడు కుర్చీ ఎయ్యడు. రోగిష్టోడితో యాపారమేటంతారు."

"అలా అన్నారంటే చెప్పుకోవడానికి శారద గారి ఆఫీసుంది కదండీ."

"నామీద కేసు నడిపిన ఆఫీసే?"

"అదే. మీకూ అదే."

ఆయన బొజ్జ కదిలేలా నవ్వారు, చాలాసేపు. నవ్వు ఆగేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి. ఇదంతా రాసుకోవచ్చా అని అడిగితే, "రాయండి గానీ పేరు వొగ్గీండి," అన్నారు. అందుకే ఇందులో ఉన్నది ఆయన పేరు కాదు.

అంతలో ఆయన ఫోను మోగింది. పెళ్ళిపందిట్లో మైకుకు బదులు పెట్టుకోదగిన ఫోను అది. రూతమ్మ గొంతు పెట్టె ఈ చివర నుంచి ఆ చివరకు వినిపించింది.

"మావా, పొద్దున్న ఎన్నింటికి రావాల?"

"ఎనిమిదికి. మేస్త్రీకి సెప్పినాను. నాను ఉండను. విశాఖలో పని."

"ఆసుపత్రికేనా?"

"ఊఁ."

"భయపడకు. ఎడం సెయ్యి ఇయ్యి మావా. కుడి సేత్తో అన్నం తినాలి కదా."

ఫోను పెట్టేశాక ఆయన ఎవరి మొహమూ చూడలేదు. పెట్టెలో అందరూ విన్నారు. పక్కాయన కాస్త ఎడంగా జరుగుతాడేమో, ఎదుటివాళ్ళు మాటలు తగ్గిస్తారేమో అని నేను చూస్తూ కూర్చున్నాను. అంత ఇరుకులో కూడా ఎవరూ జరగలేదు. అటువైపు సీటులో ఒక ముసలామె మాత్రం తన మోచేతి మడతలో ఒక చోటు వేలితో చూపించి, "ఇక్కడ గుచ్చమను నాయనా. ఇక్కడైతే నొప్పుండదు," అంది.

లోకనాథం గారు చొక్కా చెయ్యి పైకి మడిచి, ఆమె చూపించిన చోటు తన చేతి మీద వెతుక్కున్నారు.