అమ్మ బతికుండగానే వచ్చిన ఫ్లెక్సీ

నిరుడు వేసవిలో అమ్మకి లివర్ క్యాన్సర్ ముదిరిందని, ఇక ఇంటికి తీసుకెళ్ళమని విజయవాడ డాక్టర్లు చెప్పేశారు. పామర్రు దగ్గర మా ఊరికి తీసుకొచ్చాం. "ప్రభువు దగ్గరికే కదే వెళ్ళేది" అంటూ అమ్మ స్థిమితంగానే ఉంది. స్థిమితం లేనిది మా మేనమామ రత్నానికే. చర్చిలో సంఘపెద్ద కదా! రోజూ సాయంత్రం వచ్చి అమ్మ నెత్తిన చెయ్యి పెట్టి, "విశ్వాసముంచక్కా, లేచి నడుస్తావు!" అని వీధంతా వినపడేలా అరిచేవాడు.

ఒకరోజు ఆయన అరుపుల మధ్యలోనే ఫ్లెక్సీ షాపతను బండి మీద వచ్చాడు. "రత్నంగారూ, సరిగ్గా ఉందా చూసుకోండి" అంటూ వరండాలో అమ్మ మంచం ఎదురుగానే పరిచాడు. "ప్రభువునందు నిద్రించిన" మా అమ్మ ఆదరణ కూడికకి, అంటే మనిషి పోయాక పెట్టే ప్రార్థనకి, ఆహ్వానం! తేదీ ఒక్కటే ఖాళీ. అమ్మ ఫొటో చిన్నది. కింద చేతులు జోడించిన మామయ్య ఫొటో దానికి రెండింతలు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ మాత్రం తలెత్తి మొత్తం చదివింది.

"ఏరా రత్నం, లేస్తావు లేస్తావంటూనే ఇది చేయించావా? పోన్లే, సిగ్గుపడకు. నేను వెళ్ళేది నిజమే, నాకు భయమూ లేదు. రేపట్నుంచి అరవకుండా పక్కన కూర్చో, చాలు."

మామయ్య మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళకి అమ్మ నిద్రలోనే ప్రశాంతంగా వెళ్ళిపోయింది.

కూడికకి ఆ ఫ్లెక్సీయే కట్టాను. కాకపోతే మామయ్య బొమ్మున్న ముక్క కోసేశాను. అదిప్పుడు మా గేదెల పాక మీద ఉంది. వాననీరు చుక్క కారడం లేదు. అమ్మ మంచాన ఉన్నన్నాళ్ళూ ఆయన చేసినదాంట్లో పనికొచ్చింది అదొక్కటే.