రోడ్డు కింద నీళ్లు

“ఇనబడిందేటమ్మా?”

“ఇనబడింది బాబూ. ఇంద, నీ చువ్వ. నా బస్సొచ్చీసింది.”

ఆ మనిషితో నా ఆఖరి మాటలు అవే. పేరైనా అడగలేదు. ఊళ్లో సెక్టర్ 4 బస్టాపులో నేను బస్సు కోసం నిలబడి ఉంటే, ఆయన రోడ్డు మీద ఇనుప చువ్వ ఆనించి, పై కొన చెవికి పెట్టుకుని వింటున్నాడు. భూమి లోపల నీళ్ల పైపు ఎక్కడ కారుతోందో అలాగే కనిపెడతారు. చచ్చిపోయిన మా ఆయనదీ అదే పని.

“మనం నడిసే రోడ్డు కింద ఏరు పారతందే,” అనేవాడు. నాకూ వినిపించమంటే, “నడిరోడ్డు మీద ఆడమనిషివి, జనం నవ్వుతారే,” అనేవాడు. ఆయన పోయాడు, నా కోరిక మిగిలిపోయింది.

“బాబూ, ఆ చువ్వ ఓపాలి నాకియ్యవా?” అని ఆ మనిషిని అడిగాను.

“ఏటమ్మా, నా నౌకరీకే ఎసరెట్టీస్తావేటి?” అని నవ్వుతూ చువ్వ ఇచ్చాడు. “రెండో చెవి మూసుకో.”

ముందు ఆటోల గోల వినిపించింది. తర్వాత లోలోపల, సన్నగా, నీళ్లు. ఇన్నేళ్లూ మా ఆయన విన్నది ఇదన్నమాట. జనం చూశారు, నవ్వారు కూడా. నవ్వితే నవ్వారు. బస్సులో కూర్చున్నాక కడుపు నిండినట్టయింది.

నా సెప్పిందంతా రాసీసినావేటే మనవరాలా? ఏదీ, ఓపాలి చదివి ఇనిపించు. ఆ నీళ్ల కాడ మాత్రం గబగబా చదవకు.