కాసులమ్మ ఊడ్చిన సందు

కాసులమ్మకి చెత్తంటే పగ. కలకత్తాలో భవానీపూర్ రోడ్ల మీద కార్పొరేషన్ చీపురు పట్టి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఆమె ఊడ్చిన చోట విస్తరేసుకుని తినొచ్చని తోటివాళ్ళు ఆటపట్టించేవారు. ఏ బాబూ మాత్రం ఒక్కనాడు "బాగా చేశావు" అన్న పాపాన పోలేదు. ఆమె ఆశించనూ లేదు.

ఉండేది నగరం బయట, సంత్రాగాఛి స్టేషను అవతల చిన్న ఊళ్ళో, శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడ్డ పనివాళ్ళ సందులో. పక్కిల్లు గురవమ్మది. వరసకి చెల్లెలు, మొగుడు పోయిన మనిషి. ఆమెదీ చీపురు పనే గాని కాంట్రాక్టు కింద. కూతురు సువర్ణ పదో తరగతి. ఆ పిల్ల చేత చీపురు పట్టించనని గురవమ్మ పంతం. ఇంట్లో చీపురు కూడా ముట్టనిచ్చేది కాదు.

ఆ చైత్రం సాయంత్రం గాలి లేస్తే, ఏటా ఎండాకాలంలో వచ్చే కాలబైశాఖి గాలివానే అనుకున్నారంతా. ఆ గాలి చెరువు వైపు నుంచి సుడి తిరుగుతూ వచ్చి, ఆ ఒక్క సందులోనే దూరి, రేకులు పీకి మెలిపెట్టి, గురవమ్మ గోడ కూల్చి పోయింది. పక్క వీధిలో ఆరేసిన చీరలు తీగ మీద అలాగే ఉన్నాయి. బీదవాళ్ళ సందుని వెతుక్కుని వచ్చిన పాడుగాలి అది. గోడ కింద పడ్డ గురవమ్మ ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం పోయింది.

మర్నాడు శవాన్ని ఇస్తామన్నారు. సందు నిండా రేకులు, ఇటుకలు, పెంకులు. కాసులమ్మ చీపురు తీసింది.

"సచ్చిన మనిసిని సెత్తలో దించుతామేటి? ఊరంతా తుడిసిన మనిసి అది. లెగండి," అంది.

అందరూ లేచారు. ఏడవడం కంటే ఊడ్చడం వాళ్ళ చేతులకి బాగా తెలుసు. మెలిపడ్డ రేకులు తుక్కు బండికెక్కాయి. ఇటుకలు గోడవార వరసగా పేర్చారు. నెత్తురంటిన ఇటుకని కాసులమ్మే పంపు కింద పెట్టి కడిగింది. గురవమ్మని అద్దంలాంటి నేల మీద దించి, గౌరవంగా సాగనంపారు.

తర్వాత రెండు రోజులకి నష్టం లెక్క రాసుకునే సర్కారు సర్వే బాబు వచ్చాడు. వచ్చింది సుడిగాలా, మామూలు గాలా అన్నది అతను తేల్చాలి. సుడిగాలికి పోయిందని రాస్తే సువర్ణకి సర్కారు సాయం వస్తుంది, చదువు సాగుతుంది. లేదంటే పాతగోడ కూలి చచ్చిన మనిషి కింద లెక్క. కాసులమ్మ పిల్లని తన పక్కన నిలబెట్టుకుంది.

అతను సందంతా కలయజూశాడు. "మీ సందు ఎంత శుభ్రంగా ఉంది మాషీ! కలకత్తాలో కూడా ఇలా ఉండదు," అన్నాడు బెంగాలీలో, పిన్ని వరస కలిపి, మనస్ఫూర్తిగానే.

ముప్ఫై ఏళ్ళకి వచ్చిన మెప్పు. ఒక్క క్షణం ఆమెకి సంతోషం కూడా వేసింది.

"రేకులు ఎటు ఎగిరాయి, గోడ ఎటు ఒరిగింది చూస్తేగాని నేనేమీ రాయలేను. ఇక్కడ పేర్చిన ఇటుకలే ఉన్నాయి. ఫొటోలైనా తీశారా?" అన్నాడతను.

గురవమ్మ నెత్తురు కళ్ళ ముందుండగా ఫోను తీయడానికి ఎవరికి మనసొప్పుతుంది? కాసులమ్మ పరుగున వెళ్ళి ఇటుకలు ఎత్తి సందు మధ్యలో విసరసాగింది. "ఇలాగ పడ్డాయి బాబూ, ఇదిగో ఇక్కడ, ఆ గుమ్మం దగ్గర," అని వచ్చీరాని బెంగాలీలో చెబుతూనే ఉంది.

అతని మొహం గట్టిపడింది. "నా ఎదుటే నష్టం తయారుచేస్తున్నావా?" అని ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. అతన్ని తిట్టి లాభం లేదు. చూసిందే రాశాడు. సుడిగాలి మిగిల్చిన కాస్త ఆధారాన్నీ కాసులమ్మ చేతులారా ఊడ్చేసింది.

ఆమె అక్కడే కూలబడింది. సువర్ణ నడుం వంచి, ఒక్కో ఇటుకా ఏరి మళ్ళీ గోడవార పెట్టింది.

"ఒగ్గీయే, నానెత్తుతాను," అంది కాసులమ్మ.

"దారికి అడ్డం కదా పెద్దమ్మా," అని సువర్ణ లోపలికెళ్ళి, తల్లి వీధి చీపురు తెచ్చి ఇటుక పొడి ఊడవసాగింది. దాన్ని ఎలా పట్టుకోవాలో కూడా ఆ పిల్లకి తెలియదు. లాక్కోవడానికి కాసులమ్మకి చెయ్యి రాలేదు.