మా తాతను నేను బతికించిన ఉదయం

పైచదువుల ఇంటర్వ్యూల్లో నాకు ఒక ప్రశ్న తప్పేది కాదు. "గుండె సంకేతాల్లోంచి రొద తీసేసే పని మీద మీకు ఆసక్తి ఎలా కలిగింది?" నేను గొంతు సవరించుకుని మానవసేవ అనీ, దేశమనీ ఏదో చెప్పి బయటపడేవాణ్ణి. అసలు సంగతి వేరు. ఒక శవమూ, ఒక పెట్టే, ఒక ఫ్యానూ కలిసి నా పరువు నిలువునా తీసిన కథ అది. మీరు నవ్వుకోండి, ఫరవాలేదు. నాకే ఇంకా సరిగ్గా నవ్వు రాదు.

తొంభైల్లో మాట. అరవదేశపు తొండియార్‌పేటలో మాది పప్పుల హోల్‌సేల్ వ్యాపారం. ముందు గదుల్లో మూటలు, వెనక గదుల్లో మేము. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ణి నేనే. నేను చదివేది బయోమెడికల్ ఇంజినీరింగ్ అనీ, వైద్యానికి పనికొచ్చే యంత్రాలు చేయడమనీ ఎంత చెప్పినా, మా అవ్వ వీధంతా "మావాడు మిషన్ డాక్టరు" అని చాటేసింది. నేనూ గట్టిగా కాదనలేదు. ఊరికే వచ్చే డాక్టరు పేరు ఎవరికి చేదు, మీరే చెప్పండి.

మూడో ఏడు ప్రాజెక్టు కోసం ఒక పెట్టె చేశాను. బ్యాటరీతో నడుస్తుంది. దాని తీగలు ఛాతీకి అంటిస్తే గుండె కొట్టుకున్నప్పుడల్లా 'టిక్' అనాలి. నాకు నేనే అంటించుకున్నాను. టిక్ టిక్ అంది. ఇక నేను నేల మీద నడిస్తే ఒట్టు! మా ల్యాబ్ సార్ మాత్రం మొహం చిట్లించి, "ముందు దాన్ని ఏ దిండుకో తగిలించి చూడవయ్యా" అన్నారు. దిండుకు గుండె ఎక్కడుంటుంది? పాపం, సారుకు వయసు మీద పడిందనుకున్నాను.

ఆ వారంలోనే ఒక పొద్దున, కాఫీ తాగిన తాత కుర్చీలోనే ఒరిగిపోయాడు. వీధి చివరి డాక్టరు వచ్చి, గొట్టం పెట్టి చూసి, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. తాతను హాల్లో ఫ్యాను కింద పడుకోబెట్టారు. చిన్నాయన పాడె కట్టేవాళ్ళను పిలిపించాడు. అమ్మ గోడకు ఆనుకుని ఏడుస్తోంది. అవ్వ మాత్రం ఏడవలేదు. తాత చెయ్యి పట్టుకుని కూర్చుని నా వైపు తిరిగింది.

"ఒరే, నీ పెట్టె ఏడుంది?"

"ఎందుకవ్వా? డాక్టరు చూసినాడు కదా."

"ఆయన గొట్టంతో దా చూసినాడు. నువ్వు మిషన్‌తో చూడు."

వద్దనాల్సింది. తెచ్చాను. తీగలు అంటించి బటన్ నొక్కాను.

టిక్. టిక్. టిక్.

"అవ్వా! తాత ఉండాడు!" అని అరిచాను.

ఇక చూడాలి మా ఇల్లు! చిన్నాయన తాత మెడలోంచి దండ లాగేసి, వాకిట్లో పాడె కడుతున్నవాళ్ళ మీద పడ్డాడు. "పోండప్పా, పోండి! మా నాయన బతికే ఉండాడు!"

అవ్వ చిన్న కోడలికి పని పురమాయించింది. "రాగిజావ కాచు తల్లీ. ఆయన పొద్దన్నించి కాఫీ మీద దా ఉండాడు." తర్వాత తాత మీదికి వంగింది. "ఏమయ్యా, ఇట్టా భయపెట్టొచ్చునా? లెయ్యి. నీతో మాట్లాడేది చానా ఉంది."

డాక్టరును మళ్ళీ లాక్కొచ్చారు. ఆయన నాడి పట్టి చూసి, "అమ్మా, ప్రాణం పోయి చానాసేపాయ. ఒళ్ళు చల్లబడింది చూడండి" అన్నాడు.

"ఫ్యాను కింద పడుకోబెడితే చల్లబడక ఏం చేస్తాది?" అని అవ్వ ఎదురు తిరిగింది. "నీ దగ్గర ఉండేది గొట్టం. మావాడిది మిషన్!"

డాక్టరు పెట్టె వైపు చూశాడు, నా వైపు చూశాడు, గొట్టం తుడిచి మళ్ళీ చెవుల్లో పెట్టుకున్నాడు. చదువుకున్నవాడు కదా, యంత్రం అట్లా టిక్కుమంటుంటే ఆయనకే అనుమానం వచ్చింది.

అప్పుడు కరెంటు పోయింది.

మా పేటలో అది వింతేమీ కాదు. ఫ్యాను నెమ్మదించింది. టిక్కులు మాత్రం ఠక్కున ఆగిపోయాయి.

"ఏమైందిరా?" అవ్వ తాత చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

"బ్యాటరీ అయిపోయిందేమో అవ్వా" అన్నాను. కానీ పెట్టె మీద ఎర్రదీపం శుభ్రంగా వెలుగుతూనే ఉంది.

అమ్మ మళ్ళీ ఏడుపు అందుకుంది. డాక్టరు తాత ఛాతీ మీదికి వంగాడు. ఇంతలో కరెంటు వచ్చింది. ఫ్యాను రెక్కలు కదిలాయి.

టిక్. టిక్. టిక్.

అందరూ పైన ఫ్యానును చూశారు. కింద తాతను చూశారు. తర్వాత నన్ను చూశారు. ఇంటి తీగల్లోని కరెంటు రొదను పట్టుకుని నా పెట్టె గుండెచప్పుడని లెక్కేస్తోంది. నేను వెతికి పట్టుకున్నది కరెంటు ఆఫీసు నాడిని.

అవ్వ తీగలు తనే తీసింది, ఎక్కడ నొప్పి పుడుతుందో అన్నంత నెమ్మదిగా. "జావ దించేయమను" అంది. అప్పుడు ఏడ్చింది. ఒకసారి పోయిన మనిషి ఆమెకు మళ్ళీ పోయాడు, ఈసారి నా చేతుల్లో. ఆ ఏడుపు వింటూ అక్కడ నిలబడటం నా వల్ల కాలేదు.

చిన్నాయన తల వంచుకుని పాడె వాళ్ళ వెనక పరుగెత్తాడు. "ఈసారి నిజం దానే అన్నా?" అని అడిగి మరీ వచ్చారు వాళ్ళు.

కర్మలన్నీ అయ్యాక పెట్టెను దిండుకు తగిలించాను. టిక్ టిక్ అంది. దిండు గుండ్రాయిలా ఉంది!

చాలా ఏళ్ళకు అవ్వ మంచాన పడితే చూడబోయాను. అప్పటికి రొద తీసే విద్యలో నేను నిజంగానే డాక్టరునయ్యాను. అవ్వ నా సంచి వైపు అనుమానంగా చూసింది.

"పెట్టె తెచ్చినావా?"

"లేదవ్వా."

"మంచిది. ఫ్యాను నిలిపి, ఈడ కూసోని చెయ్యి పట్టుకో. చాలు."

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మెయిన్ స్విచ్ ఆపకుండా ఏ మనిషినీ బతికున్నాడని ఇకమీదట ప్రకటించను. ఆ మనిషి చెయ్యి పట్టుకుని భార్య కూర్చుని ఉంటే, ఆపి కూడా ప్రకటించను.