ఆంప్లిఫయర్‌కు గంధం బొట్టు

మొన్న ఆయుధపూజకి స్కూటరుకీ, మిక్సీకీ, నా ఆఫీసు ల్యాప్‌టాప్‌కీ వరసగా గంధం, కుంకుమ పెట్టుకుంటూ వచ్చి వైఫై డబ్బా దగ్గర చేయి ఆపేశాను. "అదేం పాపం చేసింది?" అని మావారు నవ్వారు. ఇద్దరికీ గుర్తొచ్చింది మా మామగారే.

మామగారు పీణ్య పారిశ్రామికవాడలో ఒక మెషిన్ షాపులో పనిచేసి రిటైరయ్యారు. లైసెన్సున్న హామ్ రేడియో పిచ్చోడు. ఈ బిరుదు మా అత్తగారిచ్చింది. హిందూపురంలో ఉండే ఆయన పాత స్నేహితుడికీ అదే పిచ్చి. ఆదివారం సాయంత్రాలు మా మిద్దె మీది ఏరియల్ నుంచి వాళ్ల మిద్దె మీది ఏరియల్‌కి మాటలు నడిచేవి. మధ్యలో తీగ లేదు, టవర్ లేదు. మా వీధికి ఉత్తరాన, హిందూపురం వైపు, అపార్టుమెంట్లు లేచే కొద్దీ మామగారి గొంతు అటు చేరడం మానేసింది. అవతలి సెట్టుకి బలమెక్కువ కాబట్టి స్నేహితుడి పిలుపు మాకు సన్నగా వినిపించేది. ఆయన పిలుస్తూనే ఉండేవాడు, ఈయన జవాబిస్తూనే ఉండేవారు, అది ఆయనకు వినపడేది కాదు. చూడలేక నేను మేడ దిగి వచ్చేసేదాన్ని. "ఫోన్ చేసుకోరాదా?" అని అత్తగారంటే, "ఫోన్‌లో కంపెనీవాడు మాట్లాడిస్తాడు. దీంట్లో మేమే మాట్లాడేది" అనేవారు.

ఇక సిగ్నల్‌కి బలం పెంచే ఆంప్లిఫయర్ సొంతంగా కట్టడానికి కూర్చున్నారు. పీణ్యలో పాత స్నేహితుల చేత అల్యూమినియం దిమ్మె చెక్కించి, దాని మీద రాగిరేకు పట్టీ బిగించి, ఎంతో వెతికి తెప్పించిన ఒకే ఒక్క ట్రాన్సిస్టర్‌ను అతికారు. నెలల తరబడి మా భోజనాల బల్ల ఆయనదే. మేం ఒళ్లో కంచాలు పెట్టుకుని తిన్నాం. ఆ రేడియో తరంగాలతో పెద్ద పేచీ, రాగిపట్టీ గోరంత పొడుగైనా, పొట్టిదైనా లెక్క తప్పుతుందట.

తొలి పిలుపు ఆయుధపూజ సాయంత్రమని స్నేహితుడికి ముందే కబురు పెట్టారు. ఆ పొద్దున ఆయన స్నానం చేసి వచ్చేలోగా అత్తగారు ఆ రాగిపట్టీ మీద నిండుగా తడిగంధం పెట్టి, కుంకుమ అద్దేశారు. మామగారు తల పట్టుకుని, పండగపూట గొడవెందుకని, బొట్టు అలాగే ఉంచి, ట్యూనింగ్ స్క్రూలు తిప్పి లెక్క సరిచేసుకున్నారు. సిగ్నల్ బలం చూపే మీటరు ముల్లు హుషారుగా లేచింది. మాకందరికీ పాయసం రెండోసారి వడ్డించింది ఆయనే.

సాయంత్రం అవతలి నుంచి పిలుపు మొదలైంది. మామగారు స్విచ్ వేస్తే ముల్లు సగానికి కూడా లేవలేదు. అతుకులు చూశారు, వైర్లు చూశారు. "ట్రాన్సిస్టర్ పోయుండాదిమా" అన్నారు నాతో. ఆయన ముఖం అలా నేనెన్నడూ చూడలేదు, నాకు ఏడుపొచ్చింది. అత్తగారు వంగి చూసి, "పొద్దున ఎంత తడిగా ఉండె, ఇప్పుడు ఆరిపోయి పెచ్చులు లేస్తాండాది" అని తన బొట్టు గురించి తాను బాధపడ్డారు. మామగారు ఒక్క క్షణం ఆవిడ వంక చూసి, స్విచ్ తీసి, గంధం మీద నీటి చుక్క వేసి మళ్లీ స్విచ్ వేశారు. ముల్లు లేచింది. పొద్దున ఆయన సరిచేసింది తడిబొట్టుకి, అది ఆరగానే లెక్క తప్పింది! ఇల్లదిరేలా నవ్వారు. "తుడిచినావంటే చూడు" అని అత్తగారు అడ్డం నిలబడ్డారు. ఇక చేసేదేముంది, నీటి చుక్క అద్ది తీసి, ఆరిన బొట్టుకి తగ్గట్టు మళ్లీ స్క్రూలు తిప్పుకున్నారు.

ఈసారి ఆయన పిలిస్తే అవతలి నుంచి జవాబొచ్చింది. "వినపడతాండావప్పా! బాగ వినపడతాండావు!" మామగారు మైకు నోటి దగ్గరికి తీసుకున్నారు. అడిగారు: "తింటివా అప్పా?"

"సంగటి తింటి. ఆడ వాన పడెనా?"

"దీన్ని అడిగేకా ఇన్ని నెల్లు పట్టె?" అని అత్తగారు గొణుక్కుంటూ కళ్లు ఒత్తుకున్నారు.

మామగారు పోయి కొన్నేళ్లయింది. స్నేహితుడూ లేడు. ఇప్పుడు నేను హూడి ఆఫీసులో కూర్చుని ఏ దేశంవాళ్లతోనైనా తలచుకున్న క్షణంలో మాట్లాడతాను. ఆయన ఆ బల్ల దగ్గర గడిపినంత కాలం నా చేతిలో మిగిలింది. "తిన్నావా" అన్న ఒక్క మాట కోసం నెలలు ఖర్చుపెట్టే మనిషే ఎక్కడా కనపడడు.