రెండు పెన్సిళ్లు, ఒక నెమలి

గాలి ఎయిర్‌పోర్టు వైపు నుంచి తిరిగినప్పుడు మా శంషాబాద్ డాబా మీదికి విమానాల ఇంధనం వాసన కొడుతుంది. ఇంట్లో అందరూ ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం అది దసరా ముందర మా ఇంటి వాసన. అమ్మా, చిన్నమ్మా జాకెట్ల మగ్గం పనికి నమూనాలు గీసేవాళ్లు. పల్చటి కాగితం మీద గీసి, గీత వెంబడి సూదితో పొడిచి, గుడ్డ మీద పరిచి, తెల్లపొడి కలిపిన కిరసనాయిలుతో రుద్దితే ఆ చిల్లుల్లోంచి తీగెలూ నెమళ్లూ గుడ్డ మీదికి దిగేవి.

ఆ రోజుల్లో ఇల్లంతా వాళ్లదే; చాప మీద ఎదురెదురుగా వంగి కూర్చుని అక్కాచెల్లెళ్లిద్దరూ గీస్తుంటే, పిల్లలం మేము సద్దుల బతుకమ్మ కోసం వేయించే నువ్వుల వాసన పీలుస్తూ, గుట్టల నుంచి గంపల్లో దిగిన సీతాఫలాలను మూతి నిండా పూసుకుంటూ, గచ్చకాయలు ఎగరేస్తూ గడప ఇవతలే పడి ఉండేవాళ్లం. "చేతులు కడుగకుంట లోపలికొచ్చిన్రంటే ఇగ సూడుండ్రి" అని అమ్మ తల ఎత్తకుండానే అరిచేది. ఇద్దరివీ తాత చార్మినార్ దగ్గర కొనిచ్చిన జంట పెన్సిళ్లు, అమ్మది ఆకుపచ్చ, చిన్నమ్మది మెరూన్. చెక్కే పని లేదు, వెనక తిప్పితే లెడ్ దిగేది, ఎంతసేపు గీసినా గీత ఒకే లావు.

వచ్చే నెల మా అమ్మాయి పెళ్లి. జాకెట్ వీపు మీద నెమలి అమ్మమ్మే గీయాలని దాని పట్టు. సరిగ్గా ఇప్పుడే ఆకుపచ్చ పెన్సిల్లో లెడ్‌ను పట్టి ఉంచే ఇత్తడి ముక్క చీలింది. వేరే పెన్సిల్ ఇస్తే అమ్మ ముట్టదు. కొత్తవాటి గీత మరీ సన్నం, సూదికి ఆనదట. చెక్కినవాటి గీత ఒకచోట లావు, ఒకచోట సన్నమట.

బజారులో కొట్టాయన నవ్వాడు. "పార్టులేంది మేడం, కొత్తది తీస్కోండ్రి."

"నీ స్కూటర్ పంక్చరైతే కొత్త స్కూటర్ కొంటున్నవా?" అన్నాను. అతను నా వెనకున్న గిరాకీని పిలిచాడు.

గగన్‌పహాడ్ లేత్ షాపులో ఆ ముక్కను అరచేతిలో వెతుక్కున్నారు. "గింత చిన్నది మా మిషన్ల పట్టదక్కా." పాత పెన్సిళ్లు పోగుచేసే ఒక పెద్దమనిషికి ఫోన్ చేస్తే, "విడిభాగాలు దొరకవండీ. మీదే నాకు ఇచ్చేయండి, దాని మూత నాకు అవసరం" అన్నాడు. నేను మందు అడిగితే ఆయన కిడ్నీ అడిగాడు.

ఇక మిగిలింది హిమాయత్ సాగర్‌లో ఉండే చిన్నమ్మ. ఆమె గీయడం మానేసి ఏళ్లయింది, ఆమె మెరూన్ పెన్సిల్ మాత్రం ఇంకా రాస్తుంది. లోపలి ముక్క ఇమ్మన్నాను.

"మీ అమ్మది బతకాల్నంటే నాది సావాల్నా?"

"పోనీ అరువియ్యి."

"మీ అమ్మ చెయ్యి బరువే. ఆమెది ఎట్ల ఇరిగిందనుకున్నవ్?"

కాలేజీలో వాదనల పోటీలన్నీ గెలిచినదాన్ని, చాయ్ తాగి వెనక్కి వచ్చాను.

ఆదివారం చిన్నమ్మే ఆటో దిగింది, పెన్సిల్ కొంగున కట్టుకుని. "అక్కా, నువ్వు చెప్పు. నేను గీస్త."

"నువ్వా? నా మనుమరాలి వీపు మీద కోడి నడ్వాల్నా?"

"కోడైతే పెళ్లికి కూరన్నా అయితది తియ్!"

చాప పరిచాను. గీత నెమలి మెడ దగ్గరికి వచ్చేసరికి అమ్మ ఓర్చుకోలేకపోయింది. చెల్లెలి మణికట్టు పట్టుకుని తానే తిప్పింది. "మెల్లగ! నాది గూడ ఇరగ్గొడ్తవా!" అని చిన్నమ్మ అరుస్తూనే ఉంది, చెయ్యి మాత్రం వదిలించుకోలేదు. ఆ లావు లెడ్ ఇప్పుడెక్కడా అమ్మరు. నమూనాలన్నీ కంప్యూటరే తీస్తుంది, కిరసనాయిలు రేషన్‌లో కూడా లేదు. పెన్సిల్లో మిగిలింది గోరంత. ఈ బాధంతా నాకే. వాళ్లిద్దరూ తోక ఎంత వెడల్పుండాలో కొట్టుకుంటున్నారు. నేను కాగితం కదలకుండా పట్టుకుని కూర్చున్నాను. కదిలిందని ఇద్దరూ కలిసి నన్నే తిట్టారు.